పుట్టగొడుగులు - కుక్కగొడుగులు



తొలకరి పడి నాలుగు దినములు గడచినవో లేదో, మన పెరళ్లయందును, దొడ్లయందును, గడ్డివాముల మొదళ్లను తెల్లని గొడుగులు లేచి నిలుచుట మీరెల్లరు ఎరిగినదే. రాత్రి పరుండబోవునపుడు లేనివి తెల్లవారి తలుపు తీయుసరికి కొలువుదీరి యుండును. మధ్యాహ్నపుటెండకు తలవాల్చును. మరునాటికి నల్లబడి నీరగును. ఇంత అల్పాయువు గల వస్తువునకు చరిత్ర యేమున్నదని మీరనవచ్చును. రాజులకును రాజ్యములకును చరిత్ర యుండును గాని కుక్కగొడుగునకు చరిత్ర యెక్కడిదని నేనును ఒకప్పుడు అనుకొన్నవాడనే. చదువగా చదువగా, రాజుల చరిత్రలోనికి సైతము ఇది తొంగిచూచినదనియు, మన తీరపు కోటలమీద జెండాలు మారుటలో దీనికిని ఒక చిన్న పాత్ర కలదనియు తెలిసికొంటిని. ఆ కథను కొంత తడవైన పిమ్మట చెప్పెదను.

ఈ విషయమును గూర్చి మాటలాడుటకు నాకు గల అర్హత పాండిత్యము కాదు. నేను చేసిన యొక తప్పు. దానిని మొదట చెప్పివేయుట మేలు.

మా ఊరు సామర్లకోటకు పది మైళ్ల దూరమున నున్నది. 1984వ సంవత్సరము ఆషాఢమాసమున మా మేనకోడలు పిల్లలతో మా ఇంటికి వచ్చియుండెను. రెండు రాత్రులు ఉరుములతో వాన కురిసెను. మూడవనాటి ఉదయమున మా నూతి ప్రక్క గరిక బలిసిన చోట అరచేతివెడల్పు గొడుగులు ఇరువది ముప్పది, ఎవరో పట్టుకొని పేర్చినట్లు చక్కని వలయముగా మొలచియుండెను. తెల్లనివి, నడినెత్తిన గోధుమవన్నె పొలుసులు, కాడకు ఉంగరము వంటి యొక పట్టె. చిన్ననాడు మా అమ్మమ్మ వండిపెట్టిన పుట్టగొడుగుల కూర రుచి నా నాలుకకు తట్టెను. బుట్ట తెప్పించి కోయ మొదలిడితిని.

మా పశువులను కాయు వృద్ధుడొకడు అటుగా వచ్చి, ఒకదానిని పెరికి తిరుగవేసి చూచి, “వద్దు బాబుగారూ, ఇవి పుట్టవి కావు. అడుగున వేరు లేదు చూడండి” అనెను. నేను నవ్వితిని. ఇరువది యేండ్లు బడిలో పిల్లలకు ప్రకృతిపాఠములు చెప్పినవాడను. పశువులు కాయువాడు నాకు గొడుగుల జాతులు చెప్పవలెనా? ఆ నవ్వు తలచుకొన్న నాకు నేటికిని సిగ్గగును.

రాత్రి ఎనిమిదింటికి భోజనములైనవి. పదిన్నరకు మా మేనకోడలి చిన్నకుమారుడు, అయిదేండ్లవాడు, వాంతి చేసికొనెను. అటుపై ఒకరి తరువాత ఒకరు. అర్ధరాత్రికి ఇంటిలో నిలుచుండగలవారు ఇద్దరే: ఆనాడు ఉపవాసమున్న మా అక్కగారును, కూర నచ్చక చారుతో తిన్న పెద్దపిల్లయు. పిల్లవాని కన్నులు లోనికి పోయినవి, పెదవులెండినవి. తెల్లవారుజామున జీపు దొరకి పట్టణపు ఆసుపత్రికి చేరితిమి. రెండు దినములు సెలైను నీరు ఎక్కించిన పిమ్మట వాడు “తాతయ్యా, ఆకలి” అనెను. ఆ మాట వినునంతవరకు నేను మా మేనకోడలి ముఖము చూడలేకపోతిని. ఆమె నన్నొక్క మాట యనలేదు. అది మరింత బరువయ్యెను.

ఇంటికి వచ్చి చూడగా, కోయక విడిచిన గొడుగులు నాలుగు గరికలో వాలియుండెను. మా ఇంటియామె ఒకదానిని వెదురుపుల్లతో తిరుగవేసి, “ఇదేమి, అడుగున పచ్చబడినది!” అనెను. కోసినప్పుడు పాలవలె తెల్లగానున్న రేకులు పాచిరంగునకు తిరిగియుండెను. ఆ పచ్చదనమేమో తెలిసికొనవలెననియే నేను ఈ చరిత్రలోనికి దిగితిని.

మన పూర్వులు ఈ రెండింటికిని వేరువేరు పేర్లిడుటయే మొదట గమనింపదగినది. పుట్టమీద లేచినది పుట్టగొడుగు. తక్కినది కుక్కగొడుగు. ఒక మంచి మొక్కను పోలియుండియు పనికిరానిదానికి మనవారు ‘కుక్క’ అను మాటను ముందు చేర్చుట కలదు. కుక్కతులసి, కుక్కపొగాకు, కుక్కవామింట అట్టివే. కావున కుక్కగొడుగనగా ‘చూచుటకు గొడుగే, కాని జాగ్రత్త’ అని పేరులోనే హెచ్చరిక యున్నది. నేడు పట్టణములందు గడ్డిమీద పెంచినదియు, పొట్టుసంచులలో పెంచినదియు, తోటలో దానంతట మొలచినదియు అన్నియు పుట్టగొడుగులే యనుచున్నారు. పేరులోని హెచ్చరిక మాసిపోయినది. నేను చేసిన తప్పునకు ఈ మాసిన మాటయు ఒక కారణమని నా సమర్థన. ఎంత చెల్లునో మీరే నిర్ణయింపుడు.

సంస్కృతమున దీనికి శిలీంధ్రము, ఛత్రాకము, కవకము, భూచ్ఛత్రము, అహిచ్ఛత్రము అను పేర్లు కలవు. అహిచ్ఛత్రమనగా పాముగొడుగు. పుట్టలో నాగేంద్రుడుండుననియు, ఆయనకు పట్టిన గొడుగు ఇది యనియు భావించినవారి చూపు ఎంత చక్కనిది! సుశ్రుతసంహిత వీనిని మొలచుచోటును బట్టి విభజించినది: గడ్డిలో పుట్టినవి, చెరకుపిప్పిలో పుట్టినవి, ఎండిన పేడలో పుట్టినవి, వెదురున పుట్టినవి, నేలను పుట్టినవి. వీనిలో గడ్డియందు పుట్టినదానిని తీయనిదిగా మెచ్చుకొనినది. నేటి మన వరిగడ్డి గొడుగుల సాగు 1943 ప్రాంతమున కోయంబత్తూరు వ్యవసాయశాస్త్రజ్ఞుల ప్రయత్నముతో మన దేశమున మొదలైనది. ఆ వైద్యగ్రంథకర్తకు గడ్డిగొడుగు మంచితనము అంతకు ఎన్నియో శతాబ్దములకు ముందే తెలిసియుండెను. పదునారవ శతాబ్దమునాటి భావమిశ్రుడు వీనిని స్వేదజ శాకములు, అనగా నేల చెమట నుండి పుట్టిన కూరలు, అని పేర్కొనెను. విత్తనము కానరాని మొక్కకు అంతకన్న తగిన పేరు ఎవ్వడు పెట్టగలడు?

వైద్యులు తినుమన్నదానిని ధర్మశాస్త్రకారులు నిషేధించిరి. మనుస్మృతి ఐదవ అధ్యాయమున వెల్లుల్లి, నీరుల్లులతోపాటు కవకములును ద్విజులకు వర్జ్యములలో చేరినవి. అశుచియగు చోట మొలచుటయే హేతువని పెద్దలు చెప్పుదురు. నా ఊహ వేరు. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియక ఇంటికి ఇల్లు పడకపట్టిన సంఘటనలు ఎన్నియో చూచిన పిమ్మటనే ఎవరో ఒక పెద్ద, ‘ఈ తగవే వద్దు, అన్నియు మానుడు’ అని యుండును. 1984 ఆషాఢమున ఆ పెద్ద మా ఇంటనుండిన బాగుండెడిది.

బుద్ధభగవానుని కడపటి భోజన విషయమునను ఇట్టి చర్చయే కలదు. పావానగరమున చుందుడను లోహకారుడు వడ్డించిన ‘సూకరమద్దవము’ భుజించి ఆయన అస్వస్థుడయ్యెనని పాళీగ్రంథములు చెప్పుచున్నవి. అది వరాహమాంసమని కొందరు వ్యాఖ్యాతలు, కాదు, వరాహములు త్రొక్కిన నేలను మొలచిన గొడుగులని మరికొందరు. తగవు తీరలేదు. ఐనను బుద్ధుడు ఆ చుందుని ఎవ్వరును నిందింపరాదని ప్రత్యేకముగా చెప్పిపంపెనట. అన్నము పెట్టి ఆపద తెచ్చిన గృహస్థుని మనస్సు ఎట్లుండునో ఆ మహానుభావుడు ఎరుగును. ఈ ఘట్టమును చదివినప్పుడు నాకు కంట నీరు తిరిగినది.

ఉరుమునకును గొడుగునకును గల సంబంధము మరియొక పురాతన విశ్వాసము. మేఘము గర్జించిన నేల గొడుగులెత్తునని మన రైతులందరు అందురు. మేఘసందేశమున కాళిదాసును మేఘగర్జనమునకు భూమిని శిలీంధ్రములతో నింపు శక్తి కలదనెను. గ్రీకుదేశపు ప్లుటార్కు తన విందుచర్చలలో, ఉరుము వలన నేలలోని గొడుగుజాతులు పుట్టుననుట నిజమా యని పండితులచే వాదింపజేసెను. ఇన్ని దేశములవారు ఒకే మాట యనిరన్న అందు కొంత నిజముండవలెను. ఉరిమిన వాన పడును, వాన పడిన గొడుగు లేచును, అంతియే కదా యని నేను తీసివేసితిని. కాని 2010 ప్రాంతమున జపానుదేశపు శాస్త్రజ్ఞులు గొడుగులు పెంచు దుంగలకు మెరుపువంటి విద్యుద్ఘాతము నిచ్చి చూడగా కొన్ని జాతులు మునుపటికన్న హెచ్చుగా కాసినవట. ముసలివారి మాటను తీసివేయుటలో నేను ఇది రెండవమారు తొందరపడితిని.

ఇక ఈ గొడుగు దేనినుండి పుట్టును? పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. కుళ్లు నుండి దానంతట పుట్టుననియే ఐరోపావారును చిరకాలము నమ్మిరి. 1588లో ఇటలీదేశపు పోర్టా అనునాతడు గొడుగు రేకుల సందున సన్నని ధూళి వంటి విత్తనములున్నవని వ్రాసెను. ఎవ్వరును అంతగా పట్టించుకొనలేదు. మైకేలి అనునాతడు ఫ్లారెన్సు నగరమున తోటల పరిరక్షకుడు. బీదవాడు. తన గ్రంథమును అచ్చొత్తించుటకు ధనికులను చందాలడుగవలసి వచ్చెను. ఆతడు ఆ ధూళిని కుంచెతో దులిపి, తరిగిన పుచ్చకాయ ముక్కలమీద చల్లి, ఏ జాతి ధూళి చల్లిన ఆ జాతియే మొలచుట చూచెను. 1729లో ఆ గ్రంథము వెలువడెను. పుచ్చకాయ ముక్కమీద మొలచినది బూజే గావచ్చును. అయినను కుళ్లు పుట్టించునను పురాతన విశ్వాసపు పునాది అందుతో కదలెను. వడ్లు చల్లిన వడ్లే పండునని మన రైతు ఎరిగినట్లు, గొడుగునకును బీజమున్నదని లోకమునకు తెలిసినది.

మీరు పెరటిలో చూచు గొడుగు మొక్క కాదు, కాయ. మామిడిచెట్టు నేలలో దాగియుండి కాయ మాత్రమే పైకి వచ్చిన ఎట్లుండునో అట్లని యెంచుకొనుడు. సాలెపట్టు వంటి సన్నని దారములు మట్టిలో అల్లుకొని, ఎండుటాకును, చచ్చిన వేరును, పేడను జీర్ణము చేసికొనుచు ఏండ్ల తరబడి బ్రతుకుచుండును. తగిన తడి తగిలినప్పుడే పైకి కాయ తీయును. పైన తెంపివేసినంత మాత్రమున అది చావదు. 1969లో విటాకరు అను అమెరికా శాస్త్రజ్ఞుడు వీనిని వృక్షజాతినుండి తొలగించి ప్రత్యేకమగు ఒక రాజ్యముగా నిలిపెను. జన్మసంబంధమున ఇవి చెట్టుకన్న మనకే దగ్గరి చుట్టములని తరువాతివారు తేల్చిరి. ఇది విని మా అక్కగారు “అందుకే కాబోలు మనువు వద్దన్నాడు” అనెను.

మా నూతి కడ గొడుగులు వలయముగా ఎందుకు నిలిచినవను ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో దొరికినది. అచ్చటి పచ్చికబయళ్లలో ఇట్టి వలయములు కనబడిన, రాత్రివేళ యక్షిణులు చేయి చేయి కలిపి నాట్యమాడిన చోటని జనులు చెప్పుకొనెడివారు. పిడుగు పడిన గుర్తు అనిన పండితులును కలరు. 1807లో వొలాస్టను అను రసాయనశాస్త్రవేత్త అసలు సంగతి వివరించెను. బీజము ఒకచోట పడి దారములు నలుదెసలకు ప్రాకును. లోపలి నేలలోని ఆహారము తీరిపోవగా, అంచుననే జీవముండును. కావున గొడుగులు అంచుననే లేచును, వలయము ఏటేట పెద్దదగును. ఫ్రాన్సుదేశమున బెల్ఫోరు దగ్గర ఆరువందల మీటర్ల అడ్డుకొలత గల వలయమొకటి ఏడువందల ఏండ్ల వయస్సుది కావచ్చునని అంచనా వేసిరి. మా నూతి కడ వలయము ఆరడుగులది. అనగా నేను దానిని చూచుటకు చాలకాలము ముందే అది మా పెరటిలో కాపురమున్నది.

మొదట చెప్పెదనన్న రాజుల కథకు వచ్చెదను. రోమను చక్రవర్తి క్లాడియసు క్రీ.శ. 54లో మరణించినపుడు, ఆతని భార్యయే గొడుగుల కూరలో విషము పెట్టించెనని రోమను చరిత్రకారులు వ్రాసిరి. అది ఎల్లరు చెప్పు కథ. మనకు సంబంధించినది వేరు. 1740 అక్టోబరు మాసమున ఆస్ట్రియాదేశపు ఆరవ చార్లెసు చక్రవర్తి గొడుగుల వంటకము భుజించి జబ్బుపడి, కొన్ని దినములు బాధనొంది, 20వ తేదీన వియన్నా నగరమున కన్నుమూసెను. ఆ కూరలో చేరినది మరణఛత్రమనదగు ఘోరజాతియని పెక్కుమంది అభిప్రాయము. ఆయనకు మగసంతతి లేదు. కుమార్తె మేరియా థెరెసా సింహాసనమెక్కగా, ఆ డిసెంబరుననే ప్రష్యారాజు ఆమె రాజ్యముమీద దండెత్తెను. ఎనిమిదేండ్లు యుద్ధము సాగెను. ఇంగ్లీషువారు ఒక ప్రక్క, ఫ్రెంచివారు ఒక ప్రక్క చేరిరి. ఆ కలహము సముద్రము దాటి మన తీరమునకు వచ్చెను. 1746లో ఫ్రెంచినావికాధిపతి లాబూర్డొనే చెన్నపట్టణపు కోటను పట్టుకొనెను. 1748 సంధివలన అది మరల ఇంగ్లీషువారికి దక్కినను, దేశీయ ప్రభువుల బలమెంతయో, తమ తుపాకుల బలమెంతయో ఇరువురకును ఆ కొలది కాలములో తెలిసిపోయెను. 1753లో బుస్సీ ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను నిజామునుండి పొందెను. 1758 డిసెంబరులో మా ఊరికి కొలది మైళ్లలోనున్న చందుర్తి పొలములలో కర్నలు ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందగజపతి ఏకమై ఫ్రెంచివారిని ఓడించిరి. మరుసటి ఏడు ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు పోయెను.

ఒక పళ్లెము గొడుగులు ఐరోపాగతిని మార్చినవని వోల్టేరు అనెనందురు. నేనంత దూరము పోజాలను. ఆ చార్లెసు ఆనాడు పప్పన్నము తినియున్నను ఇంగ్లీషువారు మన దేశమును విడిచిపెట్టియుందురా? అయినను చందుర్తి మీదుగా పోవునపుడెల్ల, ఎక్కడి వియన్నా వంటయిల్లు, ఎక్కడి మా వరిచేలు అని నేను ఆశ్చర్యపడుచుందును.

కుక్కగొడుగు కథ ఇది. పుట్టగొడుగు కథ యింతకన్న నాకు ప్రియమైనది, ఏలయన అది మన నేలనే పుట్టినది.

లివోనియాదేశస్థుడు కోనిగు అను వైద్యుడు, సుప్రసిద్ధుడైన లిన్నేయసు శిష్యుడు, 1768లో డేనిషువారి స్థావరమగు తరంగంబాడికి వచ్చెను. తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, 1778 నుండి చెన్నపట్టణపు ఇంగ్లీషు కంపెనీ కొలువునను ఉండెను. ఆతనికి మొక్కలయందు ఎంత పిచ్చియో పురుగులయందును అంతే. తంజావూరు సీమలో పుట్టలు త్రవ్వించి, చెదల జీవితమును దినదినము కనిపెట్టెను. జనులు ఉసిళ్లను పట్టి తినుటను గూడ వ్రాసినాడు. పుట్టలోపల స్పంజి వంటి గూళ్లుండుటయు, ఆ గూళ్లమీద తెల్లని పూసల వంటి బూజు మొలచియుండుటయు, చెదపురుగులు దానిని పోషించుకొనుటయు ఆతడే మొదట లోకమునకు తెలిపెను. 1779లో బెర్లినునుండి ఆ వ్యాసము వెలువడెను. ఆఫ్రికాలోని చెదలను గూర్చి స్మీత్మను వ్రాసిన ప్రఖ్యాతవ్యాసము రెండేండ్ల తరువాతిది. మన పొలముల గట్లమీది పుట్ట శాస్త్రలోకమున ముందు నిలిచినది.

ఈ కోనిగు చివరి దినములు మా ప్రాంతముననే గడచినవి. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా నుండి తోటలు పెంచుచుండిన రాక్సుబర్గునకు ఆతడు మిత్రుడు, గురుతుల్యుడు. 1785 జూనులో కాకినాడ చేరువను జగన్నాథపురమున అతిసారముతో కోనిగు కన్నుమూసెను. రాక్సుబర్గు దగ్గరనుండి చికిత్స చేసెను గాని ఫలింపలేదు. కాగితములన్నియు ఇంగ్లండులోని జోసెఫు బ్యాంక్సునకు చేరవలెనని కోనిగు ముందే వ్రాసియుంచెను. జూను మాసమనగా మనకు తొలకరి. ఆతడు ప్రాణము విడుచు సమయమున చుట్టుప్రక్కల పుట్టలమీద గొడుగులు లేచుచుండెనేమో. ఇది చరిత్ర కాదు, నా ఊహ మాత్రమే, మన్నింపుడు.

పుట్టలోని బూజునకును, పైని గొడుగునకును సంబంధమున్నదని సింహళమున పెచ్చు అను శాస్త్రజ్ఞుడు 1906లో విశదముగా చూపెను. 1942లో ఫ్రెంచిపండితుడు హెయిము ఆ జాతికి ‘చెదల శిలీంధ్రము’ అను అర్థము గల పేరిడెను. 1979లో చెన్నపట్టణపు నటరాజన్ గారు దక్షిణదేశపు పుట్టగొడుగుజాతి నొకదానిని వర్ణించి దానికి ఆ హెయిము పేరే పెట్టిరి.

వారు చెప్పిన దాని సారమిది. చెదపురుగులు కట్టెను, గడ్డిని నమలి తెచ్చి గూడుగా పేర్చును. బూజు దానిని మెత్తబరచును. చెదలు ఆ బూజును, మెత్తబడిన గూటిని తినును. కలుపు బూజును తీసివేయును, తేమను కాపాడును. ఇది సేద్యము కాక మరేమి? మనుష్యుడు నాగలి పట్టి పదివేల యేండ్లు. ఈ కాపులు వ్యవసాయము మొదలిడి సుమారు మూడు కోట్ల యేండ్లని లెక్క తేలినది. వానకాలమున ఆ గూటినుండి ఒక కాడ మట్టిని చీల్చుకొని, మొనదేలిన తలతో అడుగులకొలది పైకి వచ్చి గొడుగు విప్పును. అందుచేతనే పుట్టగొడుగునకు లోతైన వేరు వంటి తోకయుండును. ఇంత తెలిసియు మానవుడు నేటివరకు పుట్టగొడుగును తన తోటలో పంటగా తీయలేకున్నాడు. చెదపురుగు చేతనైనది మనకు చేతకాలేదు.

“అడుగున వేరు లేదు చూడండి” అనిన వృద్ధుని మాటకు అర్థము నాకు ఈ గ్రంథములు చదివినప్పుడు తెలిసినది. కోనిగు, పెచ్చు, హెయిము పుట్టలు త్రవ్వి తెలిసికొన్నదానిని ఆతడు పశువుల వెంట తిరిగి తెలిసికొనెను. గొడ్లసావిడికి పోయి ఆతనితో “నీవు చెప్పినదే నిజమయ్యా” అంటిని. ఆతడు తలపాగా సరిచేసికొని, “పిల్లోడు బాగున్నాడా బాబుగారూ?” అని మాత్రము అడిగెను.

మా నూతి కడది ఏ జాతియో, ఆ పచ్చదనమేమో గూడ చెప్పెదను. దాని బీజధూళియే పచ్చనిది. లేతగా నున్నప్పుడు రేకులు తెల్లగానే యుండును, ముదిరి ధూళి పండినప్పుడు పాచిరంగగును. అందుచే లేతది కోసినవాడు మోసపోవును. 1818లో దక్షిణ అమెరికాలోని గయానా ప్రాంతపు మొక్కలను వర్ణించిన మేయరు అనునాతడు దీనికి మొదట శాస్త్రనామమిడెను. ఉష్ణదేశములన్నిటను, పచ్చిక పెంచు ప్రతి ఇంటిముంగిటను ఇది మొలచును. ఇక వింత వినుడు. 1898లో లండను చేరువ క్యూ ఉద్యానమునందలి మాసీ అను పండితుడు, ఈ జాతినే కొత్తదనుకొని, ‘ఆకుపచ్చ రేకులది’ అను ఇంటిపేరును, దానికి తోడుగా ‘తినదగినది’ అను అర్థము గల సొంతపేరును పెట్టెను! ఉత్తర అమెరికాలో గొడుగులు తిని ఆసుపత్రికి వచ్చువారిలో ఎక్కువమంది దీనిని తిన్నవారే యని నేడు వైద్యులు చెప్పుచున్నారు. మాసీ అంతవాడు పొరపడగా నేనెంత యని కొంత ఊరట కలిగినది. ఆ ఊరటయు ఎంతో సేపు నిలువలేదు. ఆయన పేరు పెట్టెను, నేను వండించితిని.

ఇది ఒకటి రెండు గంటలలోనే వాంతులు తెచ్చును. ప్రాణము సాధారణముగా దక్కును గాని, నీరు పోయి పిల్లలకు అపాయము. దీనికన్న వెయ్యిమడుగులు ఘోరమైనది చార్లెసు తినెననెడి మరణఛత్రము. అది తిన్న ఆరు గంటలు మొదలు ఒక దినము వరకు ఏమియు తెలియదు. తరువాత వాంతులు, అవి తగ్గి రోగి కోలుకొన్నట్లగపడును, లోలోపల కాలేయము చెడుచుండును. ఉడికించినను, ఎండబెట్టినను దాని విషము పోదు. ఐరోపాలో పుట్టిన ఈ జాతి సీమచెట్ల వేళ్లతోపాటు ఇతర ఖండములకు ప్రాకినది. 2012 జనవరి మొదటి దినములలో ఆస్ట్రేలియాలోని కాన్బెర్రా నగరమున ఇద్దరు దానిని వరిగడ్డి గొడుగనుకొని తిని మరణించిరి. రెండును లేతగా నున్నప్పుడు గ్రుడ్డువలె ఒక తెల్లని సంచిలో ముడిచియుండును. తమ స్వదేశపు కూర గుర్తు వచ్చి పరదేశపు నేలలోనిది కోసికొనుటయే వారి పొరపాటు. మన దేశమునను 2008లో అస్సాములో అడవిగొడుగులు తిని పలువురు మరణించిరి.

పరీక్షలను గూర్చి ఒక్క మాట. వెండినాణెము నల్లబడిన విషమనియు, వెల్లుల్లి రంగు మారిన విషమనియు, పురుగు తిన్నది మనకును మంచిదనియు చెప్పువారు కలరు. మూడును కల్లలే. మరణఛత్రమును నత్తలు హాయిగా తినును. వెండికి ఆ విషము తగిలినను తళతళలాడుచునే యుండును. వృద్ధుడు చెప్పిన వేరు గుర్తు సైతము ‘ఇది పుట్టది కాదు’ అని త్రోసివేయుటకు పనికివచ్చును గాని, వేరున్నదంతయు తినదగినదనుటకు పనికిరాదు. పొడుగు కాడలవి ఇతర జాతులును కలవు. ఒకవేళ ఎవరైన తిని బాధపడుచున్నచో, మిగిలిన గొడుగు ముక్కను పారవేయక కాగితములో చుట్టి రోగితోపాటు ఆసుపత్రికి తీసికొనిపొండు. మేమానాడు బుట్ట కడిగివేసి పోతిమి. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్నకే జవాబు చెప్పలేకపోతిమి.

ఆనాటి అయిదేండ్ల పిల్లవాడు పెరిగి పెద్దవాడై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. మనవారు అచ్చట వేలకొలది కాపురములున్నారు. ప్రతి ఇంటి ముందును చాప పరచినట్లు పచ్చిక. గత సంవత్సరము వర్షముల తరువాత వాడు ఫోను చేసి, “తాతయ్యా, మా ఇంటి ముందర గుండ్రంగా లేచాయి. నీ నూతి దగ్గరవే అనుకుంటాను. ఫోటో పంపాను చూడు” అనెను. చూచితిని. ఆ పొలుసులు, ఆ ఉంగరము, ఆ వలయము. వాని కుమార్తెకు నాలుగేండ్లు. ప్రతి ఉదయము పిల్ల లేవకముందే తాను వెళ్లి పెరికి సంచిలో వేయుచున్నాననెను.

“ఒకటి త్రవ్వి చూచితివా? అడుగున వేరున్నదా?” అంటిని.

కొంతసేపు చప్పుడు లేదు. తరువాత మట్టి గీకిన చప్పుడు వినబడెను.

“లేదు తాతయ్యా” అనెను.